సస్పెన్షన్ లిఫ్ట్, పెద్ద టైర్లు: పని మొదలుపెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

రాళ్ల దారిలో బండి అడుగుభాగం రెండుసార్లు నేలకు గీసుకుందంటే చాలు, ఎత్తు పెంచాలన్న ఆలోచన యజమానికి తప్పక వస్తుంది. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. అయితే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆఫ్‌రోడ్ వాహనంలో స్టీరింగ్ రాడ్ల వాలు, బ్రేక్ గొట్టాల పొడవు, ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, హెడ్‌లైట్ల దిశ మొదలుకొని బండి జారకుండా కాపాడే కంప్యూటర్ లెక్కల వరకు అన్నీ ఒక నిర్ణీత ఎత్తును, ఒక నిర్ణీత టైరు వ్యాసాన్ని ఆధారం చేసుకొని అమర్చినవే. ఆ రెండు కొలతలను మార్చినవారు, వాటిపై ఆధారపడిన ప్రతి భాగాన్నీ వెతికి పట్టుకొని తిరిగి సరిచేసుకోవలసి ఉంటుంది. స్ప్రింగులు బిగించడం ఒక రోజు పని; ఈ వెతుకులాటే అసలు పని.

మొదట తేల్చుకోవలసింది టైరు ఎంత పెద్దది కావాలన్నది. లిఫ్ట్, అంటే సస్పెన్షన్‌ను మార్చి బండిని లేపే ఎత్తు, ఎంతన్నది ఆ తరువాతి మాట. పొడవైన స్ప్రింగైనా, స్ప్రింగు మీద పెట్టే స్పేసరైనా (ఎత్తు పెంచే దిమ్మ) ఛాసిస్‌ను, అంటే బండి అడుగు చట్రాన్ని, బాడీని పైకి లేపుతుందే తప్ప, రెండు చక్రాలనూ కలిపే గట్టి యాక్సిల్ ఉన్న బండిలో ఆ యాక్సిల్ మధ్యన వేలాడే డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టెను ఒక్క మిల్లీమీటరు కూడా లేపదు. దాన్ని లేపగలిగేది టైరు మాత్రమే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకే. ఉదాహరణకు 265/70 ఆర్17 టైరును తీసుకుంటే, 265 మి.మీ. వెడల్పులో 70 శాతం, అంటే 185.5 మి.మీ. దాని సైడ్‌వాల్ ఎత్తు. పైనా కిందా ఉన్న సైడ్‌వాల్‌లకు 17 అంగుళాల రిమ్ము, అంటే 431.8 మి.మీ. కలిపితే మొత్తం వ్యాసం దాదాపు 803 మి.మీ. అవుతుంది. ఇదే లెక్కన 285/70 ఆర్17 దాదాపు 831 మి.మీ. వస్తుంది. చూడటానికి ఎంతో పెద్దదిగా కనిపించే ఆ టైరు వల్ల డిఫరెన్షియల్ కింద దొరికే అదనపు ఖాళీ 14 మి.మీ. మాత్రమే. ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకుంటే చాలా మోజులు అక్కడే చల్లబడతాయి. కావలసిన టైరు ఫెండర్‌కు తగలకుండా తిరగడానికి ఎంత తక్కువ లిఫ్ట్ సరిపోతుందో అంతకే పరిమితం కావడం మంచిదని నా అభిప్రాయం.

ఎత్తుకు మనం చెల్లించే అసలు మూల్యం స్థిరత్వం. బండి పక్కకు దొర్లే స్వభావాన్ని అంచనా వేయడానికి ఇంజినీర్లు వాడే ఒక సులువైన నిష్పత్తి ఉంది: ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించడం. చక్రాల మధ్య దూరం 1.55 మీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 0.70 మీటర్లు అనుకుంటే ఆ నిష్పత్తి దాదాపు 1.11 వస్తుంది, గురుత్వ కేంద్రం 5 సెం.మీ. పైకి పోతే అది 1.03కి దిగుతుంది, అంటే బండి దొర్లడం ఆ మేరకు సులువవుతుంది. లిఫ్ట్ వేసినప్పుడు యాక్సిళ్లు, చక్రాలు ఉన్నచోటే ఉంటాయి కనుక గురుత్వ కేంద్రం లిఫ్ట్ కొలత కన్నా కొంచెం తక్కువే లేస్తుంది. కానీ టైర్లు ఆ మిగిలినదాన్ని పూరిస్తాయి, పైకప్పు మీద కట్టే సామాను దాన్ని దాటిస్తుంది. ఈ తేడా నెమ్మదిగా పోయే అడవిదారిలో కన్నా, హైవే మీద ఎదురుగా ఏదో అడ్డం వచ్చి స్టీరింగ్‌ను ఒక్కసారిగా తిప్పినప్పుడు బయటపడుతుంది.

లిఫ్ట్ రకాన్ని ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే చూడకూడదు. స్పేసర్ ఎత్తును మాత్రమే ఇస్తుంది. చక్రం పైకీ కిందికీ కదలగల మొత్తం దూరాన్ని అది ఏమాత్రం పెంచదు. పైగా ఫ్యాక్టరీ షాక్ అబ్సార్బర్ పొడవు మారదు కాబట్టి, కొన్ని అమరికల్లో అది ముందుకన్నా ఎక్కువ సాగి నిలబడుతుంది, చక్రం గుంతలోకి దిగగానే చివరిదాకా సాగి ఠక్కుమని కొట్టుకుంటుంది. స్వతంత్ర ఫ్రంట్ సస్పెన్షన్, అంటే ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే అమరిక, ఉన్న చాలా వాహనాల్లో షాక్ అబ్సార్బర్‌ను చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ నడుమ ఎక్కడో బిగించి ఉంటుంది కాబట్టి, స్పేసర్ మందం కన్నా బండి ఎత్తు ఎక్కువగా పెరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి, 50 మి.మీ. ఎత్తు కావాలని 50 మి.మీ. స్పేసర్ కొనడం తరచుగా జరిగే పొరపాటు. స్ప్రింగులు మార్చేవారు బండి రోజూ మోసే బరువును నిజాయితీగా లెక్కించుకోవాలి. ముందువైపు ఇనుప బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) ఉంటే వాటికి తగ్గ స్ప్రింగు కావాలి. ఖాళీగా తిరిగే బండికి భారీ బరువుల స్ప్రింగు వేస్తే చక్రం నేలను అంటిపెట్టుకోకుండా ఎగురుతుంది. వెనుక కమాన్ కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు, ఉన్న బండిలో వాటికీ యాక్సిల్‌కూ మధ్య దిమ్మ పెట్టి లేపడం చవకైన దారే, కానీ దిమ్మ మీద దిమ్మ పేర్చకూడదు, స్టీరింగ్‌తో తిరిగే ముందువైపు యాక్సిల్‌కు దిమ్మలు అసలే వాడకూడదు.

ముందు సస్పెన్షన్ స్వతంత్రమైనదైతే మొదట ఇబ్బంది పడేవి సీవీ జాయింట్లు, అంటే యాక్సిల్ షాఫ్ట్ వంగుతూనే చక్రాన్ని తిప్పేలా చేసే కీళ్లు. ఎత్తు పెరిగేకొద్దీ యాక్సిల్ షాఫ్ట్ ఏటవాలు పెరిగి, రబ్బరు బూట్ మడతలు ఒకదానితో ఒకటి రాసుకొని చిరుగుతాయి. చిరిగిన బూట్‌లోంచి గ్రీజు పోయి మట్టి చేరితే ఆ జాయింట్ ఎక్కువ కాలం నిలవదు. దాదాపు 50 మి.మీ. దాటాక చాలా వాహనాల్లో పై కంట్రోల్ ఆర్మ్ చివరనుండే గుండ్రని కీలు, బాల్ జాయింట్, తన కోణం చివరికి వచ్చేస్తుంది, అలైన్‌మెంట్‌ను (చక్రాల కోణాలను) సరిచేయడానికి ఫ్యాక్టరీ సర్దుబాట్లు చాలవు, అప్పుడు ఆ ఆర్మ్‌లను కూడా మార్చవలసి వస్తుంది.

ముందు గట్టి యాక్సిల్ ఉన్న బండి కథ వేరు. లింకులతో పట్టి ఉన్న యాక్సిల్ కిందికి జరిగినప్పుడు కొంచెం మెలి తిరుగుతుంది, దాంతో క్యాస్టర్ కోణం, అంటే ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, తగ్గుతుంది. మలుపు తరువాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రావడం మందగించి, బండి రోడ్డు మీద అటూ ఇటూ తచ్చాడుతుంది. యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే ప్యాన్‌హార్డ్ రాడ్ పొడవు మారకపోవడం వల్ల యాక్సిల్ మొత్తం ఒక పక్కకు జరుగుతుంది, దీన్ని టేపుతో రెండు వైపులా కొలిచి చూస్తే తెలుస్తుంది. స్టీరింగ్‌ను నడిపే డ్రాగ్ లింకు, ఈ ప్యాన్‌హార్డ్ రాడ్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలన్నది మరువరాని నియమం. ఒకదాని వాలును సరిచేసి రెండోదాన్ని వదిలేస్తే, గుంతలో పడిన ప్రతిసారీ స్టీరింగ్ చేతిలోనే తిరుగుతుంది. ఒక వేగం వద్ద ముందు చక్రాలు రెండూ విపరీతంగా అదిరిపోయే జబ్బుకు చాలామంది లిఫ్ట్‌నే నిందిస్తారు గానీ, తరచుగా లిఫ్ట్ చేసేది అప్పటికే అరిగిపోయి ఉన్న బుష్‌లను (కీళ్లలోని రబ్బరు తొడుగులను), బాల్ జాయింట్లను బయటపెట్టడమే. అందుకే పాత భాగాల్లో ఆట, అంటే వదులు, ఉందేమో చూసి, ఉన్నవాటిని ముందే మార్చిన తరువాతే లిఫ్ట్ సంగతి తలపెట్టాలి.

బ్రేకుల విషయంలో అజాగ్రత్తకు తావులేదు. యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేక్ గొట్టం, ఏబీఎస్ తీగ బిగుసుకుపోకూడదు. బిగుసుకుంటే పొడవైన గొట్టమైనా వేయాలి, పట్టీనైనా కిందికి దించాలి. మోడల్‌ను బట్టి కొన్ని వాహనాల్లో వెనుక యాక్సిల్‌కు చిన్న కడ్డీతో కలిపిన ఒక బ్రేక్ వాల్వ్ ఉంటుంది. వెనుక భాగం బరువుతో ఎంత కిందికి కుంగిందో చూసి అది వెనుక బ్రేకులకు పంపే ఒత్తిడిని నిర్ణయిస్తుంది. లిఫ్ట్ వేసి దాన్ని సర్దకుండా వదిలేస్తే, నిండుగా సామాను ఉన్నా సరే బండి ఖాళీగా ఉందనుకొని ఆ వాల్వ్ వెనుక బ్రేకులను తగ్గిస్తుంది. ఈ ఒక్క కడ్డీ సంగతి లిఫ్ట్ వేసే చాలామంది దృష్టికి రాదు.

స్ప్రింగులు తీసి ఉన్నప్పుడే చేసుకోదగిన ఒక పరీక్ష ఉంది, అది లక్షణమైన పనికీ గుడ్డిపనికీ ఉన్న తేడాను తేలుస్తుంది. షాక్ అబ్సార్బర్లను, కొత్త టైర్లను బిగించి, జాకీతో యాక్సిల్‌ను ఒక వైపు పూర్తిగా పైకి, రెండో వైపు పూర్తిగా కిందికి కదిలిస్తూ, స్టీరింగ్‌ను రెండు చివరల దాకా తిప్పి చూడాలి. టైరు ఫెండర్ లోపలి అంచుకు గానీ, ఛాసిస్‌కు గానీ, స్వే బార్‌కు (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) గానీ తగులుతున్నదా, షాక్ అబ్సార్బర్ పూర్తిగా ముడుచుకుపోవడానికి ముందే బంప్ స్టాప్ అనే రబ్బరు ఆపు అడ్డుపడుతున్నదా అన్నవి కళ్లతోనే కనిపిస్తాయి. అది ముందే అడ్డుపడకపోతే బంప్ స్టాప్‌ను పొడిగించాలి. చదునైన నేల మీద నిలబెట్టి ఎక్కడా తగలడం లేదని తృప్తిపడటం పరీక్ష కాదు.

టైర్ల ఎంపికలో వ్యాసంతో పాటు లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును తెలిపే అంకె), రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ము లోపలికో బయటికో జరిగి ఉండే కొలత) కూడా చూడాలి. చక్రాన్ని బయటికి తోసే రిమ్ములు అందంగా ఉంటాయి గానీ, అవి హబ్ బేరింగ్ మీద భారాన్ని, స్టీరింగ్‌కు తగిలే కుదుపును పెంచుతాయి, మలుపులో టైరును ఫెండర్‌కు మరింత దగ్గర చేస్తాయి. పైన చెప్పిన 803 నుంచి 831 మి.మీ. మార్పుతో స్పీడోమీటర్ 100 చూపుతున్నప్పుడు బండి నిజానికి 103.5 కి.మీ. వేగంతో పోతుంటుంది, ఆపడానికి బ్రేకుకు దొరికే పట్టు కూడా దాదాపు అంతే శాతం తగ్గుతుంది, టైరు బరువు పెరిగితే ఇంకా ఎక్కువ. ఇంకా పెద్ద టైర్లకు వెళితే గేర్ నిష్పత్తి గురించి ఆలోచించాలి: 803 మి.మీ., అంటే 31.6 అంగుళాల టైరుకు 3.73 యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒకసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే చుట్లు) ఉన్న బండికి 35 అంగుళాల టైరు వేస్తే, పాత లాగుడు తిరిగి రావడానికి దాదాపు 4.1 నిష్పత్తి కావాలి, నాలుగు చక్రాలూ లాగే బండిలో ముందూ వెనుకా ఒకేసారి మార్చాలి. స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండాలి, ఎందుకంటే నాలుగు చక్రాలూ కలిసి లాగేటప్పుడు ఒక టైరు వ్యాసం తేడాగా ఉంటే శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్ నిరంతరం మెలిపడుతూ వేడెక్కుతాయి.

ఇంత మార్పుకు మీ ప్రాంతపు రవాణా నిబంధనలు అనుమతిస్తాయా, బీమా కంపెనీ ఒప్పుకుంటుందా అన్నవి భాగాలు కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

పని జరిగే రోజున ప్రాణాపాయం ఉన్నది ప్రధానంగా రెండు చోట్ల. నొక్కి పట్టిన కాయిల్ స్ప్రింగులో మనిషిని చంపగల శక్తి దాగి ఉంటుంది; స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ కలిసిన భాగం) పైనున్న నట్‌ను స్ప్రింగును నొక్కిపట్టే పరికరం, స్ప్రింగ్ కంప్రెసర్, సరిగ్గా పట్టుకున్నాక మాత్రమే విప్పాలి, ఆ సమయంలో ముఖం దాని వరుసలో ఉండకూడదు. ఆ పరికరం వాడిన అనుభవం లేనివారు స్ట్రట్‌లను వర్క్‌షాప్‌లో కూర్పించుకోవడం ఉత్తమం. రెండోది, జాకీ మీదే నిలిపిన బండి కింద దూరడం. గట్టి నేల మీద ఛాసిస్ కింద జాక్ స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు అడ్డుదిమ్మలు వేసి, బండిని చేత్తో ఊపి చూసిన తరువాతే కిందికి వెళ్లాలి. విప్పిన బ్రేక్ క్యాలిపర్‌ను దాని గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో కట్టాలి. రబ్బరు బుష్‌లు ఉన్న బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతున్నప్పుడు వదులుగా ఉంచి, బండి తన బరువుతో నేల మీద నిలిచాకే టార్క్ రెంచ్‌తో బిగించాలి. లేకపోతే బుష్ ఎప్పుడూ మెలి తిరిగిన స్థితిలోనే ఉండి త్వరగా చినుగుతుంది. కమాన్ కట్టలను యాక్సిల్‌కు బిగించే పాత యూ-బోల్టులను తిరిగి వాడకూడదు.

బిగింపు పూర్తయిన రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించి, స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను సున్నాకు తెప్పించి, ముందు కెమెరా లేదా రాడార్ ఉన్న వాహనమైతే వాటినీ క్యాలిబ్రేట్ చేయించాలి. హెడ్‌లైట్లను కిందికి దించాలి, లేకపోతే ఎదురు వచ్చే ప్రతి డ్రైవర్ కళ్లలో పడతాయి. చక్రాల నట్‌లను 80 నుంచి 100 కి.మీ. తరువాత, సస్పెన్షన్ బోల్టులను మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తరువాత టార్క్ రెంచ్‌తో తిరిగి సరిచూడాలి. ఒక నిర్ణీత వేగంలో బండి అడుగు అదిరినట్టు ఉంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాన్ని అనుమానించాలి.

మరో చిన్న విషయం, నేను ఆలస్యంగా నేర్చుకున్నది: లిఫ్ట్ వేసిన తరువాత నాకు మొదటి పంక్చర్ అయినప్పుడు, బండితో వచ్చిన జాకీని పూర్తిగా లేపినా చక్రం నేలను వదలలేదు. కొత్త ఎత్తుకు సరిపోయే జాకీని, దాని కింద పెట్టడానికి ఒక గట్టి చెక్క పలకను సమకూర్చుకొని, కొత్త స్టెప్నీ దాని స్థానంలో పడుతుందో లేదో చూసుకొని, ఇంటి ముందే ఒకసారి చక్రం మార్చి చూసుకున్నాకే దారి పట్టడం మంచిది.