ఐఎంఏ (ఇండియన్ మెడికల్ అసోసియేషన్, డాక్టర్ల సంఘం) పదవికి ఎన్నికైన తోటి డాక్టరుకు అభినందన ఎలా రాయాలి?

ముందు పదవి పేరు సరిచూసుకోండి. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఐఎంఏ జాతీయ స్థాయిలో తదుపరి అధ్యక్షుణ్ణి ముందుగానే ఎన్నుకుంటారు. బాధ్యతలు తీసుకునేదాకా ఆయన ‘ప్రెసిడెంట్ ఎలెక్ట్’ మాత్రమే. అప్పుడే ‘అధ్యక్షులు’ అని రాస్తే ఇంకా పదవిలో ఉన్నవారిని చిన్నబుచ్చినట్టే. గెలిచింది రాష్ట్ర శాఖకా, ఊరి శాఖకా అన్నదీ చూసుకోండి.

ఎన్నికల అధికారి ఫలితం ప్రకటించాకే పంపండి. మొదట ఫోన్ చేయండి, లేదా విడిగా సందేశం పెట్టండి. వాట్సాప్ గ్రూపులో ఆ తర్వాత రాయొచ్చు. అక్కడ వచ్చిపడే పూలగుచ్ఛాల బొమ్మల మధ్య మీ మాట ఎవరికీ కనబడదు.

మూడు నాలుగు వాక్యాలు చాలు. కానీ ఒక వాక్యం ఆయన చేసిన పని గురించే ఉండాలి. అదే గుర్తుండిపోతుంది. ఇలా రాయొచ్చు:

“సర్, మన శాఖ అధ్యక్షులుగా ఎన్నికైనందుకు హృదయపూర్వక అభినందనలు. డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరుపై దాడి జరిగినప్పుడు మీరు స్టేషన్‌కు వెళ్లి దగ్గరుండి ఫిర్యాదు ఇప్పించారు. అలాంటి అండ ఇక అందరికీ దొరుకుతుంది. డాక్టర్ల సీఎంఈ శిక్షణ సదస్సుల ఏర్పాట్లలో నా వంతు పని చెప్పండి, చేస్తాను.”

ఎన్నికైనది మహిళ అయితే ‘మేడమ్’ అనండి.

ఓట్ల తేడా, ఓడినవారి పేరు ఎత్తొద్దు. రేపు ఇద్దరూ ఒకే సమావేశంలో కూర్చోవాలి. అదే సందేశంలో సిఫారసు గానీ, కమిటీలో చోటు గానీ అసలే అడగొద్దు. ఫ్లెక్సీ కట్టిస్తే మీ ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు వేయించకండి. అది అభినందన కాదు, ప్రకటన అవుతుంది. వైద్యవృత్తి నియమాలు సొంత ప్రచారాన్ని ఒప్పుకోవు.