సీసాలో ఒక వాసన, చేతిమీద ఇంకొకటి: అత్తరు పరీక్షించే పద్ధతి

దర్గా దగ్గరి దుకాణంలోనో, రంజాన్ నెలలో మసీదు వీధి బండి మీదో అత్తరు కొనేవాళ్లు ఎక్కువమంది సీసా మూత తీసి ఒక్కసారి వాసన చూస్తారు. నచ్చితే ఆరు మిల్లీలీటర్లు కట్టించుకుంటారు. మర్నాడు రాసుకుని బయల్దేరితే సాయంత్రానికి అది వేరే వాసన. దుకాణం వాడు సీసా మార్చేశాడనుకుంటారు. చాలాసార్లు ఎవరూ ఏమీ మార్చలేదు. మారింది ఒంటి వేడివల్ల, చర్మం జిడ్డువల్ల, మన ఉక్కపోతవల్ల. కొనేముందు ఆ మార్పు మొత్తం చూడాలి. దానికి ఒక రోజు పడుతుంది, అంతకన్నా తక్కువలో కాదు.

ముందు ఎందుకు మారుతుందో తెలుసుకుంటే పద్ధతి దానంతటదే అర్థమవుతుంది. ఏ అత్తరులోనైనా పదుల సంఖ్యలో పదార్థాలుంటాయి, అవన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు. నిమ్మజాతి తొక్కల నూనెలు పావుగంటలో వెళ్లిపోతాయి. గులాబీ, మల్లె, దవనం లాంటివి కొన్ని గంటలు నిలుస్తాయి. గంధం, వట్టివేళ్లు, ఊద్ (అగరు), కస్తూరి రకాలు చివరిదాకా కూర్చుంటాయి. ముంజేయి పైచర్మం మామూలుగా 32 నుంచి 34 డిగ్రీల వేడిలో ఉంటుంది. మే నెలలో ఎండన నడిచొచ్చాక ఇంకాస్త ఎక్కువ. వేడి పెరిగేకొద్దీ తేలిక వాసనలు ముందే ఎగిరిపోతాయి. పైగా నూనె అత్తరుకీ స్ప్రే సెంటుకీ ఒక తేడా ఉంది. సెంటులో ఆల్కహాలు ఆవిరవుతూ వాసనని ఒక్కసారిగా గాల్లోకి ఎత్తేస్తుంది. అత్తరులో నూనె దాన్ని పట్టి ఉంచుతుంది, నిదానంగా వదులుతుంది. అందుకే మంచి అత్తరు గది మొత్తం గుబాళించకపోవచ్చు, పక్కన కూర్చున్నవాళ్లకి మాత్రం మధ్యాహ్నం దాకా తెలుస్తుంది. అది లోపం కాదు, దాని స్వభావమే అది.

చేతిని సిద్ధం చేసుకోవడం

పరీక్ష పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వాసన సబ్బుతో స్నానం చేసిన చేతిమీద అత్తరు రాస్తే రెండూ కలిసి మూడో వాసన వస్తుంది. మైసూర్ శాండల్ సబ్బు రాసుకుని గంధం అత్తరు చూస్తే సబ్బుకే మార్కులు వేసేస్తారు. సున్నిపిండి కూడా వద్దు, అందులో కచ్చూరాలు, బావంచాలు ఉంటాయి. వాసన లేని సబ్బు దొరికితే సరే, లేకపోతే ఆ రోజు ముంజేతుల వరకు ఉత్త నీళ్లతోనే కడుక్కోండి. తడి పూర్తిగా ఆరేదాకా, అంటే పావుగంట, ఆగండి. పౌడరు, కొబ్బరినూనె, దోమల క్రీము ఏవీ ఉండకూడదు. తలకి నూనె పెట్టుకున్న రోజు పరీక్ష పెట్టుకోవద్దు. చేయి ముక్కు దగ్గరికి తెచ్చిన ప్రతిసారీ ఆ నూనె వాసనే ముందొస్తుంది. ఉల్లిపాయలు తరిగిన చేయి, చేపల పులుసు తిన్న చేయి గురించి వేరే చెప్పక్కర్లేదు. కుడిచేత్తో తింటాం కాబట్టి ముందు ఎడమచేయి వాడండి.

మణికట్టు మీద రాయడం అందరికీ అలవాటు. కానీ పరీక్షకి అది మంచి చోటు కాదు. గాజులు, గడియారం రాసుకుంటాయి, చేతులు కడిగినప్పుడల్లా తడుస్తుంది. మోచేతి మడతకీ మణికట్టుకీ మధ్యన, ముంజేయి లోపలివైపు రాయండి. గాజు పుల్లతో ఒక్కసారి తాకిస్తే చాలు, బియ్యపు గింజంత తడి. రెండో అత్తరు మొదటిదానికి కనీసం నాలుగు వేళ్ల ఎడంగా ఉండాలి. ఎడమచేతిమీద రెండు, కుడిచేతిమీద ఒకటి, రోజుకి మూడుకి మించొద్దు. నాలుగోదానికొచ్చేసరికి ముక్కు సరిగా చెప్పదు. ఏది ఎక్కడ రాశారో బాల్‌పెన్నుతో పక్కన ఒక అంకె వేసుకోండి, అత్తరు మీద మాత్రం కాదు.

రాశాక రుద్దకండి. రుద్దితే అణువులు నలిగిపోతాయన్న మాట నిజం కాదు. జరిగేది వేరు: రాపిడికి వేడి పుడుతుంది, నూనె పలుచగా పరుచుకుంటుంది, మొదటి పావుగంటలో తెలియాల్సిన వాసన రెండు నిమిషాల్లో వెళ్లిపోతుంది.

కాగితం ముక్క సాక్షి

చేతిమీద రాసేటప్పుడే అదే అత్తరు ఒక కాగితం మీద కూడా పెట్టండి. మందపాటి డ్రాయింగ్ షీటుని సెంటీమీటరు వెడల్పు, పన్నెండు సెంటీమీటర్ల పొడవున కత్తిరించి, చివర సెంటీమీటరు మేర తడిపితే చాలు. పేరు, టైము పెన్సిల్‌తో రాయండి, స్కెచ్ పెన్ను సిరాకి తన వాసన ఉంటుంది. ఆ కాగితాన్ని క్లిప్పుకి తగిలించి, ఫ్యాను గాలి నేరుగా తగలనిచోట ఉంచండి.

కాగితానికి ఒంటి వేడి లేదు, చెమట లేదు, జిడ్డు లేదు. రెండు గంటలకి కాగితం ఒక వాసన, చేయి ఇంకో వాసన చెబితే ఆ తేడా మొత్తం మీ చర్మానిది. రెండూ ఒకేలా మారుతుంటే అది అత్తరు సహజ నడక. ఈ పోలిక లేకుండా "నా ఒంటికి పడలేదు" అనడం ఉత్త ఊహే.

వాసన చూడాల్సిన వేళలు: రాసిన వెంటనే, అయిదు నిమిషాలకి, అరగంటకి, రెండు గంటలకి, నాలుగు గంటలకి, ఎనిమిది గంటలకి, మర్నాడు పొద్దున్న లేవగానే. ముక్కు చర్మానికి ఆనించకుండా రెండు వేళ్ల దూరం నుంచి చిన్నగా రెండు పీల్పులు పీల్చండి. ప్రతిసారీ ఒక మాట రాసుకోండి. "బాగుంది" అని రాస్తే రేపు పనికిరాదు. "పచ్చి మామిడి తొక్క", "తడి మట్టి", "పాత పుస్తకం", "పాలు కాగిన గిన్నె", ఇలా మీకు తెలిసిన వాసనతో పోల్చండి.

మధ్యలో ముక్కు మొద్దుబారితే కాఫీ గింజలు వాసన చూడమంటారు. దానివల్ల మామూలు గాలికన్నా ఎక్కువ లాభమేమీ లేదు. అయిదు నిమిషాలు వాకిట్లో నిలబడండి, లేదా ఏమీ రాయని మీ భుజం దగ్గర చొక్కా వాసన చూడండి. ఇంకొకటి గుర్తుంచుకోండి: పావుగంట, ఇరవై నిమిషాల్లో మీ అత్తరు మీకే తెలియడం మానేస్తుంది. పోయిందనుకుని మళ్లీ రాస్తే బస్సులో పక్క సీటు వాళ్లకి తలనొప్పి. ఇంట్లో అమ్మనో, వదిననో అడగండి, వాళ్ల ముక్కే నమ్మకం. కొన్ని కస్తూరి రకం కృత్రిమ వాసనలైతే కొందరి ముక్కుకి అసలు అందవు. మీకు ఖాళీగా అనిపించిన సీసా ఎదుటివాళ్లకి గట్టిగా కొట్టవచ్చు.

మొగలి చెప్పే రహస్యం

అత్తరు ఎంత నిజమో తెలుసుకోవడానికి మన ప్రాంతంవాళ్లకి చేతికందే పరీక్ష మొగలి. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట వైపు పొదలు కనిపిస్తూనే ఉంటాయి. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలోని గంజాం జిల్లా మొగలి అత్తరుకి దేశం మొత్తానికీ పేరు. శివుడి పూజకి పనికిరాదంటారు గానీ, అత్తరు బట్టీకి ఇంత విలువైన పువ్వులు తక్కువ. వాసన ఉండేది మగ పొత్తికే.

మొగలి నూనెలో పెద్ద భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే పదార్థం. అది గట్టిగా, తేనె కలిసిన పచ్చి ఆకులా ముక్కుకి తగులుతుంది, కానీ తేలికది, ఎక్కువసేపు నిలవదు. సంప్రదాయ పద్ధతిలో పువ్వుల్ని రాగి డేగులో నీళ్లతో ఉడికించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా గంధం నూనె పోసిన పాత్రలోకి పంపుతారు. మొగలి వాసనని పట్టి ఉంచేది ఆ గంధమే. కాబట్టి మొగలి అత్తరుని చేతిమీద రాసి మూడు గంటలాగండి. పైన ఉన్న ఘాటు దిగిపోయాక కింద ఏం మిగిలిందో చూడండి. మెత్తగా, పాలలాంటి కమ్మదనంతో చెక్క వాసన వస్తే గంధం ఉంది. వాసనేమీ లేకుండా వేలికి జిడ్డు మాత్రమే తగిలితే కింద ఉన్నది పారఫిన్ నూనె కావచ్చు. మంచి గంధం నూనె కిలో లక్ష రూపాయలు దాటి చాలాకాలమైంది. అంటే పన్నెండు గ్రాముల నూనె ఖర్చే వెయ్యి రూపాయలు దాటుతుంది. తులం సీసా రెండు వందలకి ఇస్తూ "గంధం నూనెలో తీసింది" అంటే లెక్క కుదరదు. అలాగని చవక అత్తరు వాడకూడదని కాదు. దేనికి డబ్బిస్తున్నారో తెలిస్తే చాలు.

కేవ్‌డా అంటే హిందీలో మొగలి. బిర్యానీలో వేసే కేవ్‌డా ఎసెన్సు, కేవ్‌డా నీళ్లు వేరు, రూహ్ కేవ్‌డా, అంటే గంధం నూనె కలపకుండా పువ్వునుంచి తీసిన అసలు నూనె, వేరు. వంటింటి సీసా ఒంటికి రాయకండి.

నీళ్ల పరీక్ష గురించి కూడా చాలామంది చెబుతారు. అరగ్లాసు నీళ్లలో ఒక చుక్క వేసినప్పుడు అది నీటిలో కలిసిపోతే డి.పి.జి. అనే ద్రావకం ఉందన్నమాట. కిందికి మునిగితే లవంగ నూనె కావచ్చు, డి.ఇ.పి. అనే చవక ద్రావకమూ కావచ్చు. తేలితే మాత్రం తొందరపడొద్దు, గంధం నూనె తేలుతుంది, పారఫినూ తేలుతుంది. అక్కడ తేల్చేది మళ్లీ కాగితమే: మర్నాటికి వాసన లేని నూనె మరక మిగిలితే పారఫిన్, మరక దగ్గర ఇంకా వాసన ఉంటే మంచి సూచన.

వేరే వాసనల నడక కూడా కొంత తెలిసి ఉంటే భయపడరు. మల్లె అత్తరు ఎండలో తిరిగాక కలరా ఉండల ఛాయ చూపిస్తుంది. అది చెడిపోవడం కాదు, మల్లెలో సహజంగా ఉండే ఇండోల్ అనే పదార్థం పని. వట్టివేళ్లు మొదట తడి మట్టిలా ఉండి తర్వాత పొగ కలిసిన తీపికి దిగుతాయి, కాగితం మీద రోజుల తరబడి ఉంటాయి. దవనం ఒకరి ఒంటిమీద ఎండుపండులా, ఇంకొకరి మీద ఆకు పసరులా తేలుతుందని పేరుంది. దాన్ని వేరేవాళ్ల చేతిమీద చూసి కొనకండి. గంధం మొదట ఏమీ లేనట్టే ఉంటుంది, గంట దాటాకే మొదలవుతుంది. దుకాణంలో గంధాన్ని పక్కనపెట్టేసి ఘాటైనదాన్ని ఎంచుకునేవాళ్లు ఓడిపోయేది ఇక్కడే.

పొడి చర్మం మీద అత్తరు త్వరగా చప్పబడుతుంది. రాసే చోట వాజ్‌లైన్ పలుచగా, పొర తెలియనంతగా అద్ది దానిమీద రాస్తే ఎక్కువసేపు నిలుస్తుంది. జిడ్డు చర్మానికి ఆ అవసరం లేదు. ఉక్కపోత రోజుల్లో వాసన గట్టిగా తెలుస్తుంది కాబట్టి సగం మోతాదు చాలు. సంక్రాంతి చలిలో నచ్చిన ఊద్ మే నెలలో ఊపిరాడనివ్వకపోవచ్చు. ఖరీదైనదైతే రెండు కాలాల్లోనూ చూసి పెద్ద సీసా తీసుకోండి, అంతవరకు మూడు మిల్లీలీటర్ల సీసాతో గడపండి.

ఘాటైన రూహ్‌లు, అసలైన గులాబీ నూనె పలుచన చేసి చూడాలి. చుక్కలు లెక్కపెడితే సీసాకో రకంగా పడతాయి. బంగారం తూచే చిన్న కాటామీద అర గ్రాము నూనెకి తొమ్మిదిన్నర గ్రాముల పలుచని నూనె కలిపితే అయిదు శాతం వస్తుంది. దీనికి వంట కొబ్బరినూనె పనికిరాదు, తన వాసన ఉంది, పైగా డిసెంబరు తెల్లవారుజామున పేరుకుపోతుంది. గడ్డకట్టని ఫ్రాక్షనేటెడ్ కొబ్బరినూనె గానీ, జొజోబా గానీ వాడండి.

ఒంటికి పడుతుందా అన్న పరీక్ష వేరు, దాన్ని వదిలేయొద్దు. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట పొద్దున్న, సాయంత్రం ఏడు రోజులు రాయండి. దురద, ఎర్రదనం, దద్దుర్లు వస్తే అక్కడితో ఆపి కడిగేయండి. దాల్చిన చెక్క, లవంగం ఉన్న అత్తర్లు ఇందులో ముందుంటాయి. గాలి తగిలి పాతబడిన నిమ్మజాతి నూనెలూ అంతే. తొక్క పిండి తీసిన బెర్గమాట్, నిమ్మ నూనెలు రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్ల మచ్చలు పడతాయి. అలాంటివి రాసిన చోటుకి కనీసం పన్నెండు గంటలు ఎండ తగలనివ్వకండి. పసిపిల్లలకి ఏ అత్తరూ వద్దు. చెవి మడతలో అత్తరు దూది పెట్టుకోవచ్చు గానీ రంధ్రంలోకి తోయకండి.

బట్టమీద రాసి చూసేవాళ్లకి ఒక మాట: పొందూరు ఖద్దరు పంచెమీద గానీ పట్టుచీర మీద గానీ నూనె మరక సులువుగా పోదు. అత్తరు ముందు రాసుకుని, పది నిమిషాలు ఆరాక బట్ట కట్టుకోండి. పొరపాటున పడితే రుద్దకుండా, వెంటనే పౌడరు గానీ శనగపిండి గానీ మందంగా చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న దులిపి, ఖద్దరైతే సబ్బునీళ్లతో ఉతకండి, పట్టుకైతే నీళ్లు తగలనివ్వకుండా డ్రైక్లీనింగుకి ఇవ్వండి. సీసాలు వెలుతురు తగలని బీరువాలో, మూత బిగించి, నిలబెట్టి ఉంచండి. సగానికి దిగినదాన్ని చిన్న సీసాలోకి మార్చుకుంటే లోపల గాలి తక్కువై వాసన ఎక్కువ కాలం నిలుస్తుంది.