వెనక గేర్లు సర్దడం ఎలా? ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టండి

పాతిక వేలో ముప్పై వేలో పోసి మౌంటెన్ బైక్, అంటే గేర్ల సైకిల్ కొంటారు. ముందు 3, వెనక 8 గేర్లు. నెల తిరిగేసరికి వెనక నుంచి కటకట మొదలవుతుంది. చైను వెనక ఉన్న రెండో పళ్ల చక్రం మీద ఉంటూనే మూడోదాన్ని గీకుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు దానంతటదే జారుతుంది. అప్పుడు అందరూ చేసే పని ఒక్కటే. వెనక డిరైలర్ (చైనుని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) మీద రెండు బుల్లి స్క్రూలు కనిపిస్తాయి కదా, వాటిని అటో చుట్టు ఇటో చుట్టు తిప్పేస్తారు. ఆదివారం పొద్దున గండిపేట దారిలో ఈ దృశ్యం చూసి చూసి విసుగొచ్చింది. ఆ స్క్రూలకీ మీ కటకటకీ సంబంధం లేదు.

డిరైలర్ లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. అది చైనుని ఎప్పుడూ బయటికి, అంటే చిన్న చక్రం వైపుకి నెడుతుంది. హ్యాండిల్ దగ్గర మీరు లివర్ నొక్కిన ప్రతిసారీ వైరు కొంచెం లాగి, దాన్ని లోపలికి, పెద్ద చక్రం వైపుకి తెస్తుంది. అంటే మధ్యలో ఉన్న గేర్లన్నీ వైరు బిగువు మీదే నడుస్తాయి. ఆ రెండు స్క్రూలు మాత్రం అటు ఒక గోడ, ఇటు ఒక గోడ. చైను చిన్న చక్రం దాటి బయటికి పడకుండా ఒకటి (హెచ్), పెద్ద చక్రం దాటి చువ్వల్లోకి పోకుండా ఇంకొకటి (ఎల్). ఇంట్లో ఫ్యాను తిరగకపోతే ఎవరైనా గోడలు జరుపుతారా?

సామాన్లు: 5 మి.మీ. అలెన్ కీ, చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, పాత గుడ్డ, తాడు. సీటు కింద తాడు వేసి బండిని కిటికీ ఊచకో కొక్కేనికో వేలాడదీయండి. వెనక చక్రం గాల్లో తిరగాలి. తలకిందులుగా పెట్టడం మాత్రం నా దగ్గర కుదరదు. లివర్ నేలకి అతుక్కుపోతుంది, ఎడమా కుడీ తారుమారవుతాయి, హైడ్రాలిక్ బ్రేకులైతే ట్యాంకులోని గాలి గొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. చైను తుడిచి, ముందు మధ్య చక్రం మీద వేయండి.

హ్యాంగర్ చూడండి. డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్కే హ్యాంగర్. ఫ్రేము పాడవకుండా తాను వంగిపోవడానికే దాన్ని మెత్తగా చేస్తారు. బండి కుడివైపు ఒక్కసారి పడ్డా, కారు డిక్కీలో దాని మీద బరువు పడ్డా వంగుతుంది. వెనక నిలబడి ఒక కన్ను మూసి చూడండి. డిరైలర్‌లోని రెండు పుల్లీలు (చైను చుట్టుకుని వెళ్లే బుల్లి చక్రాలు) చైను ఉన్న చక్రంతో ఒకే గీతలో నిలువుగా ఉండాలి. కింది పుల్లీ చువ్వల వైపు వాలితే హ్యాంగర్ వంగినట్టే. అది సరిచేయకుండా తర్వాతి మెట్లన్నీ దండగ. సరిచేసే సాధనం ఉన్న షాపుకి వెళ్లండి, చేత్తో వంచకండి.

హెచ్ స్క్రూ: చిన్న చక్రం మీదికి తెచ్చి, అలెన్ కీతో వైరు విప్పేయండి. పై పుల్లీ చిన్న చక్రం బయటి అంచుకి సరిగ్గా కింద ఉండాలి. లేకపోతే పావు చుట్టు అటో ఇటో. అంతే. వైరు చేత్తో లాగి పట్టుకుని మళ్లీ బిగించండి.

బిగువు: వైరు డిరైలర్‌లోకి దూరే చోట వేళ్లతో తిప్పే చిన్న బిరడా ఉంటుంది. అక్కడ లేకపోతే హ్యాండిల్ దగ్గర షిఫ్టర్ మీద ఉంటుంది. పెడల్ తిప్పుతూ లివర్ ఒక క్లిక్ నొక్కండి. చైను రెండో చక్రం ఎక్కకపోతే వైరు వదులుగా ఉంది, మూడోదాన్ని గీకితే బిగువెక్కువ. తంబూరా శ్రుతి చేసినట్టు పావు చుట్టు తిప్పి వినండి, మళ్లీ పావు చుట్టు. వెనక నిలబడి చూస్తే గుర్తుంచుకోవడం తేలిక: డిరైలర్ దగ్గరి బిరడా అయితే, చైను ఎటు పోవాలో దాని పైభాగాన్ని అటు తిప్పాలి. ఎక్కడం సరిచేస్తే దిగడం, దిగడం సరిచేస్తే ఎక్కడం చెడుతోందా? వైరుకి తుప్పు పట్టింది, మార్చేయండి. విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో మరీ త్వరగా పడుతుంది. ఈ మెట్టులో పెద్ద చక్రం జోలికి మాత్రం పోవద్దు.

ఎల్ స్క్రూ, ఇక్కడ ఆగి చదవండి. హెచ్ తప్పితే చైను బయటికి పడుతుంది, చేతులు నల్లబడతాయి, అంతే. ఎల్ తప్పితే చైను పెద్ద చక్రానికీ చువ్వలకీ మధ్య ఇరుక్కుంటుంది, లేదా డిరైలరే చువ్వల్లోకి పోతుంది. అనంతగిరి గుట్ట ఎక్కుతూ నాకదే జరిగింది. ముందు రోజే ఒక షాపులో 'గేర్లు సెట్' చేయించాను. అతి తేలిక గేరులోకి మార్చగానే టపటపా శబ్దం, చక్రం బిగుసుకుపోయింది. డిరైలర్ మెలిపడింది, హ్యాంగర్ విరిగింది, నాలుగు చువ్వలు తెగాయి. వెనక చక్రం ఎత్తి పట్టుకుని వికారాబాద్ స్టేషన్ దాకా నడిచాను.

అందుకే ఎల్‌ని ఎప్పుడూ బిగువు వైపు నుంచే సర్దాలి. చాలామంది స్క్రూ వదులు చేసి, చైను ఎక్కాక, దాటిపోకుండా బిగిస్తూ వస్తారు. అంటే గోడ కట్టకముందే ఎద్దుని వదలడం! నా పద్ధతి దీనికి తలకిందులు. ముందు స్క్రూని కుడికి బిగించి, చైను పెద్ద చక్రం ఎక్కనని మొండికేసేలా చేయండి. ఇప్పుడు ఒక చేత్తో పెడల్ నెమ్మదిగా తిప్పుతూ, లివర్ నొక్కి పట్టుకుని, స్క్రూని పావులో సగం చుట్టు చొప్పున వదులు చేయండి. చేతులు చాలవు, ఇంట్లో ఎవరినైనా పిలవండి. చైను తడబడకుండా ఎక్కిన చోట ఆపేయండి. ఇంకొంచెం వదులు చేస్తే ఇంకా హాయిగా ఎక్కుతుందన్న ఆశ పుడుతుంది, లొంగకండి.

ఇప్పుడు పరీక్ష. చైను పెద్ద చక్రం మీద ఉండగా, ఫ్రేము వెంట తొడుగు లేకుండా బయటికి కనిపించే వైరుని వేళ్లతో గట్టిగా లాగండి, డిరైలర్‌ని చేత్తో చువ్వల వైపు నెట్టండి. పెడల్ తిరుగుతూనే ఉండాలి, నెమ్మదిగా. చైను ఒక్క వెంట్రుక కూడా దాటకూడదు, డిరైలర్‌కీ చువ్వలకీ మధ్య వెలుగు కనిపించాలి.

వేలాడే బండి మీద పాసైతే సరిపోదు. మీ బరువు పడి, ఎత్తు మీద తొక్కుతున్నప్పుడు చక్రమూ హ్యాంగరూ కాస్త కాస్త ఊగుతాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద నెమ్మదిగా, అతి తేలిక గేరులో రెండుసార్లు ఎక్కి చూడండి. చువ్వల దగ్గర టిక్కుమన్నా ఆగిపోండి. అన్నట్టు, పెద్ద చక్రం వెనక ఉండే ప్లాస్టిక్ పళ్లెం అందం చెడగొడుతోందని విరిచేస్తారు కొందరు. ఉంచండి. నా బండికి అది ఉండుంటే ఆ నాలుగు చువ్వలు బతికేవి.

బి స్క్రూ (పై పుల్లీ పెద్ద చక్రానికి ఎంత దూరంలో ఉండాలో సర్దే ఇంకో స్క్రూ): పై పుల్లీకీ పెద్ద చక్రానికీ మధ్య 5–6 మి.మీ. సందు ఉంటే ముట్టుకోకండి.

కొత్త వైరు వేస్తే మొదటి రెండు మూడు వారాల్లో తొడుగు సర్దుకుని కటకట మళ్లీ వస్తుంది. బిరడా పావు చుట్టు చాలు, స్క్రూలు కావు. వైరు కొస కత్తిరించాక దానికి చిన్న అల్యూమినియం టోపీ పెట్టి ప్లయరుతో నొక్కండి. లేదంటే కొస పీచులా విడిపోతుంది, బండి తుడిచేటప్పుడు వేలికి గుచ్చుకుంటుంది.