దోస్తులంతా ఒకే జట్టుగా ఆడే ఆటలు: ఇంట్లో ఉన్న వస్తువులతో ఎలా మొదలుపెట్టాలి?

దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి, పుణె నుంచి దోస్తులు కాజీపేట స్టేషన్లో దిగుతారు. హన్మకొండలో ఎవరో ఒకరింట్లో అందరూ కూడతారు. కాసేపు ముచ్చట్లు నడుస్తాయి, తర్వాత ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు. లేదంటే పత్తాల కట్ట బయటికొస్తుంది, రమ్మీ మొదలవుతుంది. రమ్మీలో ఒకరు గెలిస్తే మిగతావాళ్లంతా ఓడినట్టే. అందులోకి పైసలు కూడా వస్తే ఏడాదికోసారి కలిసే దోస్తుల మధ్య లెక్కలు మొదలవుతాయి.

ఇంకో రకం ఆటలున్నాయి. వాటిలో కూర్చున్నవాళ్లంతా ఒకే జట్టు, ఆటే ప్రత్యర్థి. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడుతారు. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్లలో గెలిచేవాళ్లెవరు, ఓడేవాళ్లెవరు? ఒకరి అడుగు తప్పితే పక్కవాళ్లు సర్దుకుంటారు, మళ్లీ చప్పట్లు కలుస్తాయి. కూర్చుని ఆడే ఈ ఆటల్లోనూ ఆ సుఖమే దొరుకుతుంది: నా చేతిలో ఉన్నది నీకు కావాలి, నీకు తెలిసింది నాకు కావాలి. అలా ఒకరికొకరు అవసరమయ్యే ఆటను ఎంచుకోవడం, ఆ అవసరాన్ని ఎవరూ చెడగొట్టకుండా చూసుకోవడం, ఇవే ఇందులో అసలు పనులు. మిగతావన్నీ తేలికే.

1. ముందు మనుషులు, జాగా

నలుగురైతే బాగుంటుంది. ముగ్గురున్నా సరిపోతుంది. ఆరుగురు వస్తే ఒకే ఆటలో ఇరికించకండి, ముగ్గురేసి రెండు జట్లుగా కూర్చోబెట్టండి. హాల్లో చాప మీద గుండ్రంగా కూర్చుంటే ఒకరి మొహం ఒకరికి కనిపిస్తుంది. ఈ ఆటల్లో మొహం కనిపించడం చాలా ముఖ్యం. దాబా మీద గాలికి ముక్కలు ఎగురుతాయి, భద్రకాళి చెరువు కట్ట మీదైతే ఇక చెప్పనక్కర్లేదు. సర్వపిండి, మక్క గారెలు ఆట మధ్యలో పెట్టకండి. నూనె చేతులు తగిలి ముక్క మీద మరక పడితే అది ఏ ముక్కో అందరికీ తెలిసిపోతుంది. ఆట నడుస్తున్నంతసేపు చాయ్, వేయించిన పల్లీలు చాలు.

2. మొదటి ఆట: హౌసీ బిళ్లలతో, నోరు మెదపకుండా

చాలా ఇళ్లలో హౌసీ డబ్బా ఉంటుంది. అందులో 1 నుంచి 90 వరకు అంకెల బిళ్లలుంటాయి. వాటితోనే మొదలుపెట్టండి. ఆస్ట్రియాకు చెందిన వోల్ఫ్‌గాంగ్ వార్ష్ 2018లో తెచ్చిన ‘ద మైండ్’ అనే ఆటకు ఇది ఇంటి రూపం. అసలు ఆటలో 1 నుంచి 100 వరకు కార్డులుంటాయి. 90తో ఆడినా మజా ఏమీ తగ్గదు.

బిళ్లలన్నీ సంచిలో వేసి కలపండి. మొదటి రౌండులో ఒక్కొక్కరు ఒక బిళ్ల తీసుకుని ఎవరికీ కనిపించకుండా చూసుకోవాలి. ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న బిళ్లలు చిన్న అంకె నుంచి పెద్ద అంకె వరకు వరసగా చాప మధ్యకు రావాలి. వంతులు లేవు. మాట లేదు, సైగ లేదు, కనుబొమ్మ ఎగరేయడం కూడా లేదు. నా అంకె అందరికంటే చిన్నదని అనిపించినప్పుడు నేను వేస్తాను, అంతే. రెండో రౌండులో తలా రెండు బిళ్లలు, మూడో రౌండులో మూడు. నలుగురు ఆడితే ఎనిమిది రౌండ్లు దాటాలి, ముగ్గురైతే పది, ఇద్దరైతే పన్నెండు.

ఎంతమంది ఆడుతున్నారో అన్ని చింతగింజలు మధ్యలో పెట్టండి. అవే మీ ప్రాణాలు. నా చేతిలో 38 ఉండగా ఇంకొకరు 41 వేస్తే వెంటనే ఆపి చూపించాలి. ఒక గింజ పోతుంది, ఆ 38 పక్కకు పోతుంది, ఆట 41 నుంచి ముందుకు సాగుతుంది. గింజలన్నీ పోతే అందరూ ఓడినట్టు. మూడో రౌండు దాటితే ఒక గింజ, ఆరో రౌండు దాటితే ఇంకో గింజ కలుపుకోండి. ఒక ఉపాయం కూడా చేతిలో ఉంటుంది. ఆట మొత్తంలో ఒక్కసారి ఎవరైనా చెయ్యెత్తవచ్చు. అందరూ ఒప్పుకుని చేతులెత్తితే ప్రతి ఒక్కరూ తమ దగ్గరున్న అతిచిన్న అంకెను చూపించి పక్కన పెట్టేస్తారు.

రాసి చూస్తే ఇందులో ఆటేముంది అనిపిస్తుంది. కూర్చుని ఆడండి. 7 ఉన్నవాళ్లు వెంటనే వేస్తారు. 22 ఉన్నవాళ్లు కాస్త ఆగుతారు. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే కబురు: ఎవరూ కదలడం లేదంటే అందరి అంకెలూ పెద్దవేనన్నమాట. 60 ఉన్నవాడి వేళ్లు కదులుతాయి, ఎదుటివాడి కళ్లు చూసి ఆగిపోతాయి. రెండు రౌండ్లు గడిచేసరికి ఎవరు నిదానం, ఎవరు తొందర అని అందరికీ తెలిసిపోతుంది, ఒకరి వేగాన్ని బట్టి ఇంకొకరు తమ వేగం మార్చుకుంటారు. 53 పడగానే పక్కనే 54 పడితే, ఆ వెంటనే 55 పడితే, చిన్నప్పటి నుంచి తెలిసిన దోస్తు కూడా ఆ క్షణంలో కొత్తగా దొరికినట్టు ఉంటుంది. వాడలో వినబడేంత కేక అక్కడే పుడుతుంది. లోపల లోపల సెకన్లు లెక్కపెట్టుకోవద్దని ముందే మాట తీసుకోండి. లెక్కపెడితే ఆట గడియారానికి పోతుంది, మనుషులు ఒకరినొకరు చూసుకోవడం ఆగిపోతుంది.

ప్రతి రౌండుకు ముందు అందరూ ఒక చెయ్యి చాప మీద ఆనించి, సిద్ధమయ్యాక తీయాలని నియమం. దాన్ని వదిలేయకండి. ముచ్చట్ల హోరు అక్కడే తగ్గుతుంది.

3. రెండో ఆట: పత్తాల కట్టతో

2020లో వచ్చిన ‘రెజిసైడ్’ ఆటను మామూలు 52 పత్తాల కట్టతో ఆడుకోవచ్చు. రమ్మీ తెలిసినవాళ్లకు చేతులు ఇట్టే అలవాటవుతాయి.

జాకీలు, రాణులు, రాజులు మీ శత్రువులు. నలుగురు రాజులను కలిపి కింద, వాళ్ల మీద రాణులను, అందరికంటే పైన జాకీలను బోర్లించి పెట్టండి. పై ముక్క తిప్పితే మొదటి శత్రువు. జాకీని పడగొట్టాలంటే 20 దెబ్బలు పడాలి, అతను కొట్టే దెబ్బ 10. రాణికి 30, ఆమె దెబ్బ 15. రాజుకు 40, ఆయన దెబ్బ 20. మిగిలిన 40 ముక్కలు మీ సైన్యం. నలుగురైతే తలా 5, ముగ్గురైతే 6, ఇద్దరైతే 7 పంచి, మిగతా కట్ట పక్కన పెట్టండి. జోకర్లను మొదటిరోజు వదిలేయండి.

మీ వంతులో ఒక ముక్క వేస్తే దాని అంకె ఎంతో అంత దెబ్బ శత్రువుకు పడుతుంది, ఆ దెబ్బలు కూడుతూ పోతాయి. దాంతోపాటు రంగును బట్టి ఒక శక్తి పనిచేస్తుంది. కళావరు వేస్తే దెబ్బ రెట్టింపు. ఇస్పేటు డాలు, శత్రువు దెబ్బను తన అంకె మేరకు తగ్గిస్తుంది, ఆ శత్రువు పడేదాకా అలాగే నిలుస్తుంది. డైమండ్ వేస్తే ఆ అంకెకు సరిపడా ముక్కలు మీతో మొదలుపెట్టి ఒక్కొక్కరూ ఒక్కోటి చొప్పున కట్ట నుంచి తీసుకుంటారు, ఎవరూ మొదట పంచినన్ని ముక్కల కంటే ఎక్కువ పట్టుకోకూడదు. ఆటీను వేస్తే వాడేసిన ముక్కలను కలిపి, ఆ అంకెకు సరిపడా తీసి చూడకుండా కట్ట అడుగున చేర్చాలి. శత్రువుది ఏ రంగో ఆ రంగు శక్తి అతని మీద పనిచేయదు. శక్తి మాత్రమే పనిచేయదు, దెబ్బ పడుతుంది.

ముక్క వేశాక శత్రువు ఇంకా నిలబడి ఉంటే తిరిగి కొడతాడు. అంకెలు కూడితే ఆ దెబ్బకు సరిపోయేన్ని ముక్కలు వంతు ఆడినవాళ్లే తమ చేతిలోంచి పారేయాలి. అంత లేకపోతే ఆట అందరికీ అక్కడితో అయిపోతుంది. సరిగ్గా లెక్కకు లెక్క కొట్టి పడగొడితే ఆ శత్రువు మీ కట్ట పైకి వచ్చి చేరతాడు, ఎవరి చేతికి వస్తే వాళ్లకు అతని దెబ్బ ఆయుధమవుతుంది. అంతకంటే ఎక్కువ కొడితే వాడేసిన ముక్కల్లోకి పోతాడు. పడగొట్టినవాళ్లే తర్వాతి శత్రువును ఎదుర్కోవాలి. ఆసు విలువ 1, దాన్ని ఇంకో ముక్కతో జతగా వేయొచ్చు. ఒకే అంకె ముక్కలను కలిపి వేయొచ్చు, మొత్తం 10 దాటకుండా.

చేతిలో ఏముందో చెప్పకూడదు. ఈ ఒక్క నియమంతోనే ఆట నలుగురిదీ అవుతుంది. పక్కవాడు డాలు వేస్తున్నాడంటే వాడి దగ్గర ముక్కలు తక్కువున్నాయేమో, ఈ దెబ్బ నేను తిందాం అని మీకు మీరే ఆలోచించుకుంటారు.

4. ఒకరే అందరి ఆటా ఆడేయకుండా చూడండి

ఈ ఆటలను చెడగొట్టేది ఓటమి కాదు. బాగా ఆడటం తెలిసిన దోస్తు పక్కన కూర్చుని, “అరే, గది గాదు, ఇది వెయ్యి. నువ్వాగు, నేను జెప్తా” అనడం. ఆయన చెప్పింది సరైందే అయి ఉంటుంది. కానీ మిగతా ముగ్గురి చేతులు ఆయన చేతులైపోతాయి, పావుగంటలో ఒకరు ఫోను తీస్తారు.

అమెరికాకు చెందిన మ్యాట్ లీకాక్ తయారుచేసిన ‘పాండెమిక్’ 2008లో వచ్చింది. ప్రపంచపటం మీద 48 నగరాలు, నాలుగు రోగాలు, అందరూ కలిసి నాలుగింటికీ మందు కనిపెట్టాలి. చాలా మంచి ఆట. పటం మీద ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ఉంటాయి కాబట్టి మనవాళ్లు చెన్నైని కాపాడే దాకా ఇంకో ఖండం వంక చూడరు. కానీ అందులో అన్నీ అందరి ముందు పరిచి ఉంటాయి, కాబట్టి అన్నీ చూసి అందరికీ చెప్పేసే అవకాశం ఒకరికి దొరుకుతుంది. పెట్టె కొని తెచ్చినవాళ్లే ఆ ఒకరు అవుతుంటారు. అందుకే దాన్ని మొదటిరోజుకు పెట్టుకోవద్దంటాను. చేతిలోవి దాచుకునే ఆటలు నాలుగైదు సాయంత్రాలు ఆడాక తీయండి.

ఏ ఆటైనా రెండు కట్టుబాట్లు పెట్టుకోండి. వంతు ఎవరిదో తుది మాట వాళ్లదే, తప్పని తెలిసినా సరే. అడిగితేనే సలహా. ఇంట్లో బావలు, వదినలు, పెద్దన్నలు కలిసి కూర్చుంటే ఇంకోటి కావాలి: అందరికంటే చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి, బాగా తెలిసినవాళ్లు చివర. పెద్దబావ ఒక మాట అన్నాక డిగ్రీ చదివే తమ్ముడు కాదనలేడు. తమ్ముడే ముందు, “బావా, నేను ఇస్పేటు వేద్దామనుకుంటున్న” అంటే బావకు అది వినబడుతుంది, చాలాసార్లు అదే మంచి ఎత్తు అవుతుంది.

5. నేర్పేటప్పుడు

నియమాలన్నీ ఒకేసారి చెప్పకండి. అందరి ముక్కలూ తెరిచిపెట్టి ఒక రౌండు ఆడించండి, ఎక్కడ సందేహం వస్తే అక్కడ చెప్పండి. అది లెక్కలోకి రాదు. రెండోసారి దాచుకుని ఆడతారు.

6. ఓడిపోతారు, దానికి సిద్ధంగా ఉండండి

మొదట్లో రెజిసైడ్‌లో రాజుల దాకా చేరడమే కష్టం. అలా ఉండటమే మేలు: ఎప్పుడూ గెలిచే ఆటను రెండోసారి ఎవరూ అడగరు. ఓడిన వెంటనే ముక్కలు కలపకండి, ఐదు నిమిషాలు అలాగే ఉంచి ఎక్కడ తిరగబడిందో మాట్లాడుకోండి. “నీ వల్లే పోయింది” అనే మాట మాత్రం రానివ్వొద్దు. “రెండో రాణి దగ్గర మన చేతులు ఖాళీ అయినయ్, అంతకుముందే డైమండ్ వెయ్యాల్సింది” అంటే తప్పు అందరిదీ అవుతుంది, ఇంకో ఆట కూడా మొదలవుతుంది. మరీ వరసగా ఓడుతుంటే హౌసీ బిళ్లల ఆటలో ఒక గింజ ఎక్కువ పెట్టుకోండి.

7. కార్డులు చేసుకోవాలనుకుంటే

ఫ్రాన్స్‌కు చెందిన ఆంటోయిన్ బౌజా తయారుచేసిన ‘హనాబి’ ఆట 2010లో వచ్చింది, 2013లో జర్మనీవాళ్ల ‘స్పీల్ దెస్ యారెస్’ అవార్డు గెలిచింది. మీ ముక్కలు మీకు కనిపించవు, ఎదుటివాళ్లకే కనిపించేలా తిప్పి పట్టుకోవాలి. ఐదు రంగులు, ఒక్కో రంగులో 1 అంకె మూడు, 2, 3, 4 రెండేసి, 5 ఒక్కటే, మొత్తం 50 ముక్కలు. ప్రతి రంగునూ 1 నుంచి 5 దాకా వరసగా పేర్చాలి. సూచన ఇవ్వాలంటే ఒక్క రంగు గురించో, ఒక్క అంకె గురించో మాత్రమే: “ఇవి రెండూ ఎర్రవి” అనో, “ఇది మూడు” అనో. సూచనలు ఎనిమిదే, ఒక ముక్క పారేస్తే ఒక సూచన తిరిగొస్తుంది. మూడు తప్పులు చేస్తే ఆట ముగుస్తుంది.

ఇంట్లో జరిగిన పెళ్లిలో మిగిలిపోయిన పత్రికలు ఉంటే అవి దీనికి భలే పనికొస్తాయి. అట్ట గట్టిగా ఉంటుంది, అన్నీ ఒకే అచ్చు. ఒకే చోట నుంచి ఒకే సైజులో కోయండి, వెనకవైపు పూవు ఒక ముక్క మీదే వస్తే ఆట దొంగాట అవుతుంది. స్కెచ్ పెన్నులతో అంకెలు వేయండి.

8. రాలేని దోస్తు ఉంటే

డాలస్‌లో ఉన్నవాళ్లను కూడా కలుపుకోవచ్చు. 2015లో వచ్చిన ‘కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్’ వీడియో గేమ్‌లో ఒకరి తెర మీద బాంబు ఉంటుంది, దాన్ని ఎలా ఆపాలో చెప్పే పుస్తకం మిగతావాళ్ల దగ్గర ఉంటుంది. బాంబు చూసేవాళ్లు పుస్తకం చూడకూడదు, పుస్తకం ఉన్నవాళ్లు బాంబు చూడకూడదు. గేమ్ ఒక్కరు కొంటే చాలు, పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, జిరాక్స్ తీయించుకోవచ్చు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఆడండి. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉన్నా మాటలు తెలుగులోనే నడుస్తాయి: “ఎన్ని వైర్లున్నయ్ రా? చివరిది నీలమా, ఎరుపా? తొందరగా చెప్పు!” ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ పొద్దు. కాబట్టి మొదటి ఆట ఇదే పెట్టి, వాళ్లను ఆఫీసుకు పంపించి, తర్వాత మీరు హౌసీ డబ్బా తీయండి.