కాంతి తీవ్రత ప్రయోగం: లైట్లు ఆర్పే ముందే చూసుకోవాల్సినవి

దూరం పెరిగేకొద్దీ వెలుతురు ఎలా తగ్గుతుందో చూపించే ప్రయోగానికి గది చీకటిగా ఉండాల్సిందే, కానీ దెబ్బలు తగిలేది కూడా ఆ చీకట్లోనే కాబట్టి సర్దాల్సినవన్నీ లైట్లు ఉండగానే సర్దేయండి. వైర్లు నడిచే దారిలో లేకుండా నేలకి టేప్ వేసేయండి, బ్యాగులు గోడ వారగా పెట్టించండి, స్కేలు టేబుల్‌కి అంటించి 20, 40, 60, 100 సెం.మీ. దగ్గర లావుగా గీతలు గీసేయండి, లేకపోతే పిల్లలు అంకెలు కనబడక వంగి వంగి బల్బు మీదకి వెళ్లిపోతారు. స్విచ్ దగ్గర ఒకరు కచ్చితంగా ఉండాలి.

బల్బు 12 వోల్టులది, డీసీ సప్లై మీద నడిచేదైతే మంచిది, షాక్ భయం తక్కువ, రీడింగ్ కూడా ఊగదు. హాలోజన్ అయితే ఆర్పేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, చల్లారేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు. చీకటికి అలవాటుపడిన కంట్లో కంటిపాప పెద్దదై ఉంటుంది, అందుకే చిన్న బల్బు కూడా గట్టిగా కొడుతుంది, చూపు వెలుతురు కొలిచే మీటర్ మీదే ఉండాలని ముందే చెప్పండి. లేజర్ మాత్రం వద్దే వద్దు, కళ్లకి ప్రమాదం, పైగా అది సన్నటి గీతలా వెళ్తుంది కాబట్టి ఈ ప్రయోగానికి అసలు పనికిరాదు. రిఫ్లెక్టర్ ఉన్న టార్చ్ కూడా అంతే.

ఇక రీడింగులు. సూత్రం ప్రకారం దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు అవుతుంది. అంటే 20 సెం.మీ. దగ్గర 900 లక్స్ (వెలుతురు తీవ్రతకి కొలమానం) వస్తే 40 దగ్గర 225, 60 దగ్గర 100, మీటర్ దూరంలో 36 రావాలి. కానీ కిటికీ సందుల్లోంచి ఓ 9 లక్స్ వస్తోందనుకోండి, దగ్గర్లో అది లెక్కలోకే రాదు, మీటర్ దూరంలో మాత్రం 36 కాస్తా 45 అయిపోతుంది, పాపం పిల్లలు సూత్రమే తప్పనుకుంటారు. బల్బు వెలిగించకముందే ఒక రీడింగ్ తీసుకుని ప్రతి దాంట్లోంచి తీసేస్తే ఈ గొడవ ఉండదు. దూరం ఫిలమెంట్ నుంచి సెన్సార్ దాకా కొలవాలి, గాజు అంచు నుంచి కాదు. తెల్ల టేబుల్ మీద నల్ల గుడ్డ పరవండి, బల్బుకి మాత్రం దూరంగా. తెల్ల చొక్కాల వాళ్లు పక్కన నిలబడినా వెలుతురు తిరిగొచ్చి సెన్సార్ మీద పడుతుంది, వెనక్కి జరగమనండి. మీటర్ బదులు ఎల్‌డీఆర్ (వెలుతురుని బట్టి నిరోధం మారే సెన్సార్) వాడితే ఓమ్స్ విలువని నేరుగా తీవ్రత అనుకోవద్దు, రెండూ సమానంగా మారవు.

అయిపోయాక ముందు గది లైట్లు వేయించి, ఆ తర్వాతే బల్బు ఆర్పండి, ప్లగ్ తీసేది మీరే.