సీటీ స్కాన్ రిపోర్టులో రేడియేషన్ మోతాదును లెక్కించే విధానం

సీటీ స్కాన్ చిత్రాలతో పాటు ఇచ్చే మోతాదు పట్టికలో ‘డీఎల్‌పీ’ (స్కాన్ చేసిన పొడవంతటికీ కలిపి లెక్కించిన రేడియేషన్ మోతాదు) అనే మాట ఎదురుగా ఉన్న అంకెను ముందుగా వెతకండి. అది మిల్లీగ్రే-సెంటీమీటర్లలో ఉంటుంది. ఒక కిలో పదార్థం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. ఇది శక్తి కొలతే తప్ప హాని కొలత కాదు. హానిని అంచనా వేయడానికి వాడేది సీవర్ట్.

పెద్దవారి పొట్ట స్కాన్ అయితే ఆ అంకెను 0.015తో, తల స్కాన్ అయితే 0.0021తో గుణించండి. డీఎల్‌పీ 500 ఉంటే పొట్టకు 7.5 మిల్లీసీవర్టులు, తలకు దాదాపు 1 వస్తాయి. జీర్ణాశయం, పెద్దపేగు వంటి అవయవాలు మెదడు కంటే రేడియేషన్‌కు సులువుగా దెబ్బతింటాయి కనుకనే ఇంత తేడా. పసిపిల్లలకు ఈ గుణకాలను దయచేసి వాడకండి, వారివి బాగా ఎక్కువ.

వచ్చిన ఫలితాన్ని, నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏటా సహజంగా అందే ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్టులతో పోల్చుకోండి. పాత కాగితాల్లో ‘రెమ్’ అనే పాత కొలమానం కనిపిస్తే, ఒక రెమ్‌ను 10 మిల్లీసీవర్టులుగా తీసుకోండి. బెక్వెరెల్‌ను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు; అది సెకనుకు ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయో చెబుతుంది.