ఇంట్లోనే చదరంగం, 6వ భాగం: రూబిన్‌స్టైన్ ఏనుగు ఏ6లో ఏం చేసింది?

బోర్డు తెచ్చుకోండి. ఈ భాగం చదివితే రాదు, పావులు చేత్తో జరిపితేనే వస్తుంది, అదీ ఫోన్ తెర మీద కాకుండా నిజం బోర్డు మీద. గడుల పేర్లు ఎప్పటిలాగే: తెలుపు వైపు కూర్చుంటే ఎడమ నుంచి కుడికి నిలువు వరుసలు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్, అడ్డ వరుసలు మన వైపు నుంచి 1 నుంచి 8.

ఇద్దరికీ ఏనుగులూ కొన్ని బంట్లూ మాత్రమే మిగిలిన ఎండ్‌గేమ్ మనకు అన్నింటికంటే ఎక్కువగా ఎదురవుతుంది, గెలవాల్సిన ఆటలు డ్రా అయ్యేది కూడా ఎక్కువగా అక్కడే. ఒక టోర్నమెంటులో నాకు రెండు బంట్లు ఎక్కువున్నాయి, అయినా సగం పాయింటుతో ఇంటికొచ్చాను. ఆ రాత్రి ఆట తిరగేసి చూస్తే, దాదాపు ఇరవై ఎత్తులు నా ఏనుగు ఆ బంట్ల వెనక కాపలా కాస్తూ కూర్చుంది, అంతే. ఆ జబ్బుకు మందు నాకు అకీబా రూబిన్‌స్టైన్ ఆటల్లో దొరికింది, అందులోనూ ముఖ్యంగా ఒక్క ఆటలో.

రూబిన్‌స్టైన్ అప్పటి రష్యా సామ్రాజ్యంలోని పోలండ్‌లో, స్తావిస్కి అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. బాల మేధావి కాదు, టీనేజీలో ఆట పట్టుకున్నాడు, తర్వాత లోడ్జ్ నగరానికి వెళ్ళి అక్కడ సాల్వే లాంటి గట్టి ఆటగాళ్ళతో కూర్చుని కూర్చుని పదునెక్కాడు. 1907లో కార్ల్స్‌బాద్ టోర్నమెంటు గెలిచాడు. 1912లో ఒకే ఏడాదిలో ఐదు టోర్నమెంట్లలో మొదటి స్థానం, అందులో బ్రెస్లావ్‌లో మాత్రం దురాస్‌తో కలిసి. ప్రపంచ టైటిల్ కోసం అప్పటి ఛాంపియన్ లాస్కర్‌తో అతని మ్యాచ్ గురించి మాటలు నడిచాయి కానీ 1914లో యుద్ధం వచ్చి పడింది, అది జరగనే లేదు. ఆ మ్యాచ్ జరగకపోవడం చదరంగానికి పెద్ద నష్టమని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మన ఆట దానికి ఐదేళ్ళ ముందుది. 1909 ఆరంభంలో, అంతకుముందు ఏడాది చనిపోయిన రష్యా ఆటగాడు చిగోరిన్ పేరు మీద సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 19 మందితో టోర్నమెంటు పెట్టారు, ఒక్కొక్కరికీ 18 ఆటలు. ఇమాన్యుయేల్ లాస్కర్ 1894 నుంచి ప్రపంచ ఛాంపియన్. చివరికి లాస్కర్, రూబిన్‌స్టైన్ ఇద్దరూ 14.5 పాయింట్లతో సమానంగా నిలిచారు. మూడో స్థానం పంచుకున్న దురాస్, స్పీల్‌మన్‌లకు 11 పాయింట్లే, అంటే మిగతా అందరికీ ఈ ఇద్దరికీ మధ్య మూడున్నర పాయింట్ల దూరం. లాస్కర్ ఆ టోర్నమెంటులో రెండు ఆటలు ఓడాడు: ఒకటి పట్టికలో చాలా కిందున్న దూస్-ఖొతిమిర్‌స్కీ చేతిలో (రూబిన్‌స్టైన్ ఓడిన ఒకే ఒక్క ఆట కూడా అతని చేతిలోనే), రెండోది ఇప్పుడు మనం పెట్టబోయేది.

ఆట మధ్యలో రూబిన్‌స్టైన్ 18వ ఎత్తుగా మంత్రిని నెమ్మదిగా సి1కి తెచ్చి, లాస్కర్ ఇ3 ఏనుగుకూ సి6 బంటుకూ ఒకేసారి ఎసరు పెట్టాడు. అదొక పాఠం, ఇంకోసారి చెబుతాను. మంత్రులు మారిపోయాక, తెలుపు 24వ ఎత్తు వేశాక ఉన్న స్థితి పెట్టండి. తెలుపు (రూబిన్‌స్టైన్): రాజు జి1, ఏనుగు ఎఫ్5, బంట్లు ఏ2, బి2, ఇ3, జి2, హెచ్2. నలుపు: రాజు ఇ7, ఏనుగు డి7, బంట్లు ఏ7, జి7, హెచ్7. ఇప్పుడు నలుపు వంతు.

తెలుపుకు రెండు బంట్లు ఎక్కువ. లాస్కర్ ఏనుగును డి1కి దించి చెక్ చెప్పాడు. ఇక్కడ ఆగండి, మీరైతే ఏం వేస్తారో కాగితం మీద రాయండి.

ఏనుగును ఎఫ్1కి అడ్డం పెట్టొచ్చు. అప్పుడు నలుపు ఏనుగు డి2కి వస్తుంది, బి2 బంటును కాపాడాలంటే మన ఏనుగు బి1కి పోయి మూలన కూర్చోవాలి, అవతలి ఏనుగేమో ఇ2కి జరిగి ఇ3 బంటు మీద పడుతుంది. నేను పాడుచేసుకున్న ఆటలో జరిగింది అచ్చం ఇదే. రూబిన్‌స్టైన్ రాజును ఎఫ్2కి తెచ్చాడు, డి2లో ఇంకో చెక్ పడితే ఎఫ్3కి ఎక్కాడు, లాస్కర్ బి2 బంటు తినేశాడు. తిననిచ్చాడు! ఆ తినడానికి లాస్కర్‌కు పట్టిన సమయంలో తెలుపు రాజు బోర్డు మధ్యకు నడిచొచ్చింది. పైగా ఇప్పుడు ఎత్తు వేసే వంతు తెలుపుదే, 27వ ఎత్తు: ఏనుగు ఎఫ్5 నుంచి ఏ5కి.

ఏ7 బంటు దాడిలో పడింది. వదిలేస్తే తెలుపు దాన్ని చెక్‌తో సహా తింటుంది, మళ్ళీ రెండు బంట్ల తేడా వచ్చేస్తుంది. అందుకని లాస్కర్ ఏనుగును బి7కి వెనక్కి లాగాడు. ఇప్పుడు ఎవరి ఏనుగు కాపలా కాస్తోందో చూడండి. ఒక బంటు ఖర్చు పెట్టి రూబిన్‌స్టైన్ ఆ కాపలా పనిని అవతలి వాడికి అప్పగించాడు.

ఈ పాఠానికి గుండెకాయ 28వ ఎత్తు: ఏనుగు ఏ5 నుంచి ఏ6కి, ఒక్క గడి ముందుకి. మొదటిసారి చూసినప్పుడు నాకు అందులో ఏమీ కనబడలేదు, దాడి అంతకుముందూ ఏ7 మీదే, ఇప్పుడూ ఏ7 మీదే. కానీ ఏ6లో ఉన్న ఏనుగు ఆరో అడ్డ వరుస మొత్తాన్నీ మూసేసింది. నలుపు రాజుకు డి6, ఇ6, ఎఫ్6 మూడూ బంద్. ఏ5లోనే ఉంటే రాజు డి6, సి6 మీదుగా బి6కి నడిచి తానే ఏ7 బంటును చూసుకునేది, ఏనుగుకు సెలవు దొరికేది. ఇప్పుడు ఆ దారి లేదు. చుట్టూ తిరిగి పై వరుసల్లోంచి పోదామంటే కుడివైపు జి7, హెచ్7 దిక్కులేనివి అవుతాయి.

ఒక్క ఏనుగుతో అవతలి ఏనుగునూ రాజునూ రెండింటినీ కట్టేయడం, మీరు ఈ వారం నేర్చుకోవాల్సింది ఇదే.

ఆ తర్వాత రూబిన్‌స్టైన్ ఏడు ఎత్తుల పాటు ఏనుగును ముట్టుకోలేదు. 29 నుంచి 35 దాకా వరసగా వేయండి: ఇ4, హెచ్4, జి4, రాజు ఎఫ్4, హెచ్5, రాజు ఎఫ్5, ఇ5. నలుపు వైపు ఆ సమయంలో ఏనుగు సి7కి పోయి బి7కి తిరిగొచ్చింది, రాజు ఎఫ్8, ఎఫ్7, ఎఫ్8, ఇ7, ఎఫ్7 అంటూ అక్కడక్కడే తిరిగింది, మధ్యలో 33వ ఎత్తుగా ఒక్క బంటు హెచ్6కి జరిగింది. తెలుపు బంట్లు రాజుతో కలిసి కదిలాయి, ఒక్కటీ ఒంటరిగా పరిగెత్తలేదు. మనమైతే ఇ బంటును గబగబా తోసేసి, తర్వాత దాన్ని కాపాడలేక టెన్షన్ పడతాం. హెచ్5 ఎత్తుకు నలుపు హెచ్6 అని బదులివ్వగానే జి6 గడి తెలుపు రాజుకు సొంతమైపోయింది, అక్కడికొచ్చాక దాన్ని తరిమే బంటు నలుపుకు లేదు.

36 నుంచి 38 వరకు ఏనుగు డి6కి, మళ్ళీ ఏ6కి, మళ్ళీ డి6కి. తొందర లేదు. అవతలి వాడి దగ్గర చేయడానికి పని లేనప్పుడు మనం ఆగి చూసుకోవచ్చు, ఈ ఓపికను నేను అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నాను. 39లో ఏనుగు సి6కి, ఇప్పటికీ ఆరో వరుసలోనే. లాస్కర్ రాజు ఎఫ్8 నుంచి ఎఫ్7కి. ఇక 40వ ఎత్తు: ఏ2 బంటు ఏ3కి. లాస్కర్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఒక బంటు ఒక గడి జరిగితే ప్రపంచ ఛాంపియన్ ఎందుకు ఆపేశాడు? స్థితి సరిచూసుకోండి. తెలుపు: రాజు ఎఫ్5, ఏనుగు సి6, బంట్లు ఏ3, ఇ5, జి4, హెచ్5. నలుపు: రాజు ఎఫ్7, ఏనుగు బి7, బంట్లు ఏ7, జి7, హెచ్6. నలుపు ఏ పావు కదిపినా ఏదో ఒకటి కూలుతుంది. ఏనుగు డి7కి వెళ్తే ఇ6 బంటు చెక్‌తో పాటు ఏనుగునూ పట్టుకుంటుంది. రాజు ఎఫ్8కో ఇ7కో తప్పుకుంటే తెలుపు రాజు జి6లో దిగుతుంది, జి7 నిలవదు. ఏనుగు ఏడో వరుస వదిలితే సి7లో చెక్. ఏ3 ఎత్తు వంతును అవతలికి నెట్టింది, దాంతోపాటు నలుపు ఏనుగు బి4కి వచ్చి జి4 బంటును కొట్టే దారినీ మూసేసింది.

అభ్యాసం రెండు భాగాలు. ఒకటి, 28వ ఎత్తు తర్వాతి స్థితి పెట్టి ఎవరితోనైనా, లేదా కంప్యూటర్‌తో, తెలుపు వైపు ఐదుసార్లు ఆడండి. ఏనుగు ఆరో వరుస వదిలిన ప్రతిసారీ ఎందుకు వదిలారో పక్కన రాయండి. రెండు, ఆఖరి స్థితిలో నలుపు ఏ7 బంటును ఏ5కి తోస్తే తెలుపు ఏం వేయాలి? చేయి ముందుగా ఏ4 మీదికి పోతుంది, కానీ వేసేముందు బి4 గడి ఒకసారి చూడండి. వచ్చే భాగం ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను.